ఎడమవైపు సీటు

మా కారు ముందు ఎడమ తలుపు దగ్గర నీళ్ళు దిగుతున్నాయన్న సంగతి ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. నేను కూర్చునేది కుడివైపు, స్టీరింగు ముందు. ఎడమవైపు కూర్చునేది మా నాన్న.

పన్నెండేళ్ళ నాటి చిన్న బండి మాది. ఏ కంపెనీదో చెప్పను. తప్పు దానిది కాదని చివరికి తేలింది, ఇంక పేరు పెట్టి దాని పరువు తీయడం ఎందుకు? 2019లో సెకండ్ హ్యాండులో కొన్నాను. విజయవాడలో మేముండే అపార్టుమెంటులో కింద పార్కింగు మా వాటాకి రాలేదు. ప్రహరీ బయట వేపచెట్టు కిందే దాని కాపురం. ఎండాకాలం నీడ, వానాకాలం ఆకులు, ఏడాది పొడుగునా కాకులు.

2025 వానాకాలంలో ముందు వాసన మొదలైంది. తడి గోనెసంచి నాలుగు రోజులు మూలన పడి ఉంటే వచ్చే ముక్క వాసన. అద్దాలు దించుకుని తిరిగితే పోతుందనుకున్నాను. ఒకరోజు పై అంతస్తు ఆయన్ని బస్టాండు దాకా దింపుతుంటే, ఎక్కిన రెండో నిమిషంలో ముక్కు ఎగబీల్చి, "ఏమండీ, ఇది బుడమేరు బండి కాదు గదా?" అన్నాడు.

ఈ ప్రశ్న మా ఊళ్ళో వాళ్ళకి చెప్పనక్కర్లేదు, బయటివాళ్ళకి కాస్త చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్ళని రోజుల తరబడి ముంచేసింది. అదే సమయంలో ఇటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వచ్చాయి. ఆ వరదలో మునిగిన కార్లకి లెక్క లేదు. కడిగి, తుడిచి, సీటు కవర్లు మార్చి అమ్మేస్తున్నారేమో అన్న అనుమానం ఆ తర్వాత పాత బండి కొనే ప్రతివాడికీ పట్టుకుంది. నా బండి ఆ వరదని చూడలేదు, ఆ రోజుల్లో ఎత్తు మీదే ఉంది. అయినా ఆ మాట గుచ్చుకుంది. ఇంటికొచ్చి మ్యాటు ఎత్తి చూశాను. ఎడమవైపు కార్పెట్టు మీద చెయ్యి పెట్టి నొక్కితే వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు ఊరాయి.

నా ఉద్యోగం ఆడిట్ ఆఫీసులో. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టడమే పని. అందుచేత ఈ తప్పు కూడా నేనే పట్టగలనన్న ధీమా ఉండేది. ముందు పాత పేపర్లు పరిచాను. తర్వాత కలరా ఉండలు వేశాను, అత్తరు చల్లాను. మా ఆవిడ ఒకసారి ఎక్కి, "ఇప్పుడు పాత బీరువాలో తడి గోనెసంచి పెట్టినట్టుంది" అని తేల్చింది.

ఆఫీసులో ఒకాయన నోటు పరీక్ష చెప్పాడు. ఇది మంచి పరీక్షే, మీరూ చేయవచ్చు. తలుపు తెరిచి, అంచున పది రూపాయల నోటు సగం లోపలికీ సగం బయటికీ వచ్చేట్టు పెట్టి మూయాలి. మెల్లగా లాగాలి. రబ్బరు సరిగ్గా కరుచుకుని ఉంటే నోటు బిగువుగా వస్తుంది, వదులుగా ఉంటే జారి వచ్చేస్తుంది. అలా తలుపు చుట్టూ జానెడు జానెడు దూరంలో చూసుకుంటూ పోవాలి. నేను చూశాను. పైన బిగువు, వెనక బిగువు, కింద ముందు మూల మాత్రం నోటు వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చింది. దొంగ దొరికాడు అనుకున్నాను.

నిజానికి దొరికింది అక్కడే ఎప్పుడూ కనిపించేవాడు, అంతే. తలుపు అనగానే కంటికి కనిపించేది రబ్బరు. నీళ్ళు రాకుండా ఆపేది రబ్బరు. నీళ్ళు వచ్చాయి కాబట్టి రబ్బరే దోషి. ఆడిట్‌లో ఇలాంటి తీర్పు రాస్తే మా సీనియరు కాగితం మొహాన కొట్టేవాడు.

రబ్బరు గురించి మాత్రం ఆ వారంలో బోలెడు నేర్చుకున్నాను. మన మెకానిక్కులు బీడింగు అంటారు. కార్ల తలుపులకి ఇప్పుడు వాడేది ఎక్కువగా ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు. ఎండనీ, గాలిలోని ఓజోన్‌నీ మామూలు రబ్బరు కంటే బాగా తట్టుకుంటుందని దాన్ని ఎంచుకున్నారు. అందులో రెండు భాగాలు. ఒకటి స్పాంజిలా మెత్తగా, లోపల బోలుగా ఉండే గొట్టం. తలుపు మూయగానే నలిగి సందు పూడ్చేది అదే. రెండోది దాన్ని పట్టుకుని ఉండే గట్టి పట్టీ. దాని లోపల సన్నటి లోహపు వెన్నెముక ఉంటుంది, కారు ద్వారం చుట్టూ ఉండే రేకు అంచుని కరుచుకునేది అదే. ఏళ్ళ తరబడి నలిగి నలిగి గొట్టం తిరిగి పొంగడం మానేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, విజయవాడ ఎండలో పన్నెండేళ్ళు నిలబడ్డ రబ్బరు చదునైపోయిందంటే దాన్నేం అంటాం?

అసలు బీడింగు కావాలంటే ఒక్క తలుపుకి 1,450 రూపాయలన్నారు, వారం ఆగాలన్నారు. నాకు ఆ వారం ఆగే ఓపికా లేదు, ఆ డబ్బు పెట్టే మనసూ లేదు. మీటర్ల లెక్కన అమ్మే బీడింగు నాలుగు మీటర్లు తెచ్చాను, మీటరు 90. దాంతో పాటు రబ్బరు అంటించే గమ్ము 65. ఆదివారం పొద్దున పాత బీడింగు ఊడబీకి, చుట్టచుట్టి బాల్కనీలో ఉల్లిపాయల బుట్ట పక్కన పడేసి, కొత్తది అంటించాను. చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతూ ముచ్చటగా ఉంది. తలుపే పడలేదు.

బీడింగు మందం రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువైతే తలుపు పడదని అప్పటిదాకా నాకు తెలియదు. బలంగా విసిరితే పడేది, వీధంతా వినిపించేది. మా నాన్నకి డెబ్భై ఆరేళ్ళు. లోపల కూర్చుని లాగితే ఆయన చేతికి పడేది కాదు. నేను అటు తిరిగి వెళ్ళి బయటినుంచి తోసి మూయాలి. రెండోరోజు ఆయన, "ఇది కారు తలుపా, లాకు గేటా?" అన్నాడు.

ఆయనకి ఆ పోలిక ఊరికే రాలేదు. మా నాన్న బందరు కాలువ మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టు వెంట నడవడం, ఎక్కడ ఊట కనబడితే అక్కడ చూసుకోవడం. ముప్ఫై ఏళ్ళు నీళ్ళతోనే కాపురం చేసిన మనిషి. నా చిన్నప్పుడు ఒకసారి గట్టు బయట తడి కనిపించిన చోట నేను గబగబా మట్టి తెచ్చి వేస్తుంటే ఆపి, లోపలివైపు పదడుగుల అవతల ఎండ్రకాయ బొరియ చూపించాడు. నీరు పల్లమెరుగు అనే సామెత అందరూ అంటారు. పల్లానికి చేరేముందు అది ఎన్ని మలుపులు తిరుగుతుందో ఆయనకి తెలుసు. ఇంతటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నేను ఆఫీసులో వాళ్ళని సలహా అడిగాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

తర్వాతి వానకి మళ్ళీ కార్పెట్టు తడిసింది. అప్పుడు నాకు పంతం పుట్టింది. సిలికాన్ ట్యూబు 190, అది పిండే గన్ను 150 పెట్టి తెచ్చి, తలుపు చుట్టూ ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ పిండాను. మోకాళ్ళ మీద కూర్చుని తలుపు అడుగు అంచు చూస్తే అక్కడ మూడు సన్నటి చీలికలు కనిపించాయి. ఒక్కోటి చిటికెనవేలు గోరంత. ఆహా, రోడ్డు మీద నీళ్ళు చిమ్మినప్పుడు ఇక్కణ్ణుంచే లోపలికి పోతున్నాయన్నమాట అనుకుని, మూడింటినీ నిండా పూడ్చేశాను. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. బండంతా వెనిగర్ వాసన.

ఆ వాసన సంగతి కూడా చెప్పాలి. బాత్‌రూముల్లో వాడే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. వట్టి ఇనుప రేకు మీద అది తుప్పుకి పిలుపు. పైగా సిలికాన్ ఒకసారి అంటిన చోట తర్వాత ఏ గమ్మూ పట్టదు, పెయింటూ పట్టదు, పూర్తిగా గీకి తీసేదాకా. గోడలకి అది మంచిదే. కారు తలుపు దగ్గరికి మాత్రం దాన్ని రానివ్వకండి.

సిలికాన్ పెట్టాక మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు నాన్నని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. బెంజి సర్కిలు దగ్గర మలుపు తిరగగానే తలుపులోంచి గుడగుడమని చప్పుడు. బ్రేకు వేస్తే అదే చప్పుడు ముందుకి పరిగెత్తింది. నిండు కావడి మోస్తున్నట్టుంది. పాటలు పెడితే ఆ వైపు స్పీకరు గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టు పలికింది. అద్దం దించబోతే సగంలో ఆగిపోయింది. నాన్న తలుపుకేసి తల వంచి విని, తాపీగా, "కాలువ పారుతోందిరా" అన్నాడు.

డాక్టరు పని అయ్యాక బండి తిన్నగా ఆటోనగర్‌కి తిప్పాను. లారీల బాడీలు కట్టే చప్పుళ్ళ మధ్య, పాత సామాను కొట్ల వరసలో, రేకుల షెడ్డు కింద ఒక పెద్దమేస్త్రి ఉన్నాడు. అప్పుడప్పుడూ నా బండి అతనే చూస్తాడు. నేను నా పరిశోధన అంతా వివరించబోయాను. అతను వినలేదు. కుర్రాణ్ణి పిలిచి మగ్గుతో నీళ్ళు తెమ్మన్నాడు. ఎడమ తలుపు అద్దం మీద, అద్దం తలుపులోకి దిగే చోట, మెల్లగా పోశాడు. వంగి అడుగున చూశాడు. చుక్క కూడా బయటికి రాలేదు. నాకేసి చూశాడు.

"కింద ఏం పెట్టార్సార్?"

"సిలికాన్."

అతను ఇంకేం అనలేదు. ఆ అనకపోవడం తిట్టుకంటే పెద్దగా వినిపించింది. బ్లేడు తీసుకుని మొదటి చీలికలో సిలికాన్ కోసి లాగాడు. నల్లటి నీళ్ళు ధారగా దూకాయి. రెండోది, మూడోది. కుర్రాడు బకెట్టు పెట్టాడు, దగ్గర దగ్గర సగం నిండింది. నాన్న స్టూలు మీద కూర్చుని ఆసక్తిగా చూస్తున్నాడు, షట్టరెత్తినప్పుడు చూసినట్టే.

"తలుపులోకి నీళ్ళు రావాల్సిందే సార్," అన్నాడు మేస్త్రి. "అద్దం కిందికి దిగాలా వద్దా? దిగాలంటే సందు ఉండాల. సందు ఉంటే నీళ్ళు దిగుతాయి. కంపెనీవోళ్ళకి తెలీక కాదు."

నేను నోరు తెరిచేలోపు నాన్న అడిగాడు: "మరి డ్రెయిను?"

మేస్త్రి మొహం వెలిగింది. అసలైన విద్యార్థి దొరికాడు. నన్ను వదిలేసి మిగతాదంతా ఆయనకే చెప్పుకొచ్చాడు. తలుపు అంటే ఒక డొల్ల పెట్టె. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, మధ్యలో అద్దం, దాన్ని ఎత్తే యంత్రం. అద్దం పక్కనుండే రబ్బరు పట్టీ పెద్ద ధారని అడ్డుకుంటుందే గానీ ప్రతి చుక్కనీ ఆపదు. లోపలికి దిగిన నీళ్ళు బయటి రేకు లోపలి గోడ వెంటా, అద్దం వెంటా జారి అడుగున ఆ మూడు చీలికల్లోంచి రోడ్డు మీదికి పోతాయి. నేను పూడ్చింది ఆ మురుగు తూముల్ని.

"అయితే పూడ్చకముందు కూడా తడిసింది గదా?" అన్నాను, కాస్త పరువు దక్కించుకుందామని.

దానికి జవాబు తలుపు ప్యాడు ఊడదీస్తే దొరికింది. లోపలి రేకుకి పెద్ద పెద్ద కిటికీల్లాంటి ఖాళీలు ఉంటాయి, యంత్రం బాగుచేయడానికి చెయ్యి దూర్చాలి కాబట్టి. ఆ ఖాళీలన్నిటినీ కప్పుతూ ఒక ప్లాస్టిక్ షీటు ఉంటుంది, చుట్టూ నల్లటి జిగురు మైనంతో అంటించి. చూస్తే చవకబారు కవరులా ఉంటుంది గానీ కారు లోపలికీ వానకీ మధ్య ఉన్న అసలు గోడ అదే. దాని కింది అంచు లోపలి రేకు సందులోంచి తలుపు డొల్లలోకి దూర్చి ఉండాలి. అప్పుడు షీటు మీద పడ్డ చుక్క జారి మళ్ళీ డొల్లలోకే పోతుంది. మా తలుపులో ఆ షీటు స్పీకరు చుట్టూ కత్తితో కోసి ఉంది. కింది అంచు బయటికి వచ్చి, ప్యాడుకీ రేకుకీ మధ్య నాలుకలా వేలాడుతోంది. దాని మీదుగా జారిన ప్రతి చుక్కా బీడింగుకి లోపలివైపు, నేరుగా కార్పెట్టు మీదికి.

2022లో పాటలు బాగా వినిపించాలని తలుపులకి కొత్త స్పీకర్లు వేయించింది నేనే. బిగించిన కుర్రాడు అడ్డంగా ఉందని షీటు కోశాడు. ఆ పక్కనే నించుని టీ తాగుతూ చూసిందీ నేనే. మూడేళ్ళు పెద్దగా తెలియలేదు. వేపాకు పొడీ దుమ్మూ చేరి అడుగు తూములు ఇరుకైపోయేసరికి లోపల నీళ్ళు నిలవడం మొదలైంది, నిలిచిన నీళ్ళు దారి వెతుక్కున్నాయి. డెల్టాలో గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలువని చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? వాన ఎక్కువై కాదు, డ్రెయిను కదలక చేలు మునుగుతాయి.

ఇక్కడే నాన్న అసలు మాట అన్నాడు, నన్ను చూడకుండా, మేస్త్రితో. "ఆ ప్యాడు కింద అంచు నుంచే పడతాయి చుక్కలు. బండి ఆగి ఉన్నప్పుడు కాదు, బ్రేకు వేసినప్పుడు. ఇక్కడ, నా కాలి మడమ మీద."

"నాకు చెప్పలేదేం నాన్నా?"

"చెప్పాను గదరా, మొదటి వానకే. కింద నుంచి వస్తున్నాయిరా అన్నాను. రబ్బరు పోయింది నాన్నా, మార్చేస్తాను అన్నావు."

అన్నాను. ఏ సిగ్నలు దగ్గర అన్నానో కూడా గుర్తొచ్చింది. ఫోను స్టాండులో దారి చూసుకుంటూ, ఆయనవైపు తల తిప్పకుండా అన్నాను. ఆ తర్వాత ఆయన మళ్ళీ చెప్పలేదు. జుబ్బా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన పాలిథీన్ కవరు ఒకటి తీశాడు. బట్టల కొట్టు కవరు. కారెక్కగానే దాన్ని పాదాల కింద పరుచుకుంటున్నాడట, దిగేటప్పుడు దులిపి మడిచి పెట్టుకుంటున్నాడట. నెలన్నర నుంచి. నా పక్కనే, మూడడుగుల దూరంలో.

మేస్త్రి కూడా ఆ కవరు చూశాడు. నేను ఏదో ఒకటి అనాలని, "షీటు స్థానంలో ఇలాంటిది సరిపోతుందా?" అన్నాను. చేత్తో నలిపి చూసి, "పల్చన సార్, చలికాలానికే చిరిగిపోద్ది" అన్నాడు. నాన్న దాన్ని మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ షెడ్డులో రెండు గంటలు కూర్చున్నాను. ఆడిట్‌కి వెళ్ళినప్పుడు మేము మొదట మేనేజరుతో మాట్లాడం, గోడౌన్లో బస్తాలు లెక్కపెట్టే గుమాస్తాతో మాట్లాడతాం. ఎందుకంటే సరుకు అతని చేతుల మీదుగా పోతుంది. ఇరవై ఏళ్ళుగా కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం ఇది. కారు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు తడిసిన మనిషిని వదిలేసి పది రూపాయల నోటుని సాక్ష్యం అడిగాను. దీనికి ఏ సాకు చెప్పుకోవాలో నాకు తోచలేదు. ఇంట్లో ముసలివాళ్ళు మెల్లగా ఒక్కసారి చెప్పి ఊరుకుంటారు. మనం దాన్ని మాటగా లెక్కపెట్టం. రెండోసారి చెబితే చాదస్తం అంటాం. అందుకని వాళ్ళు కవరు మడిచి జేబులో పెట్టుకుంటారు.

సరే, పని సంగతి. మందమైన పాలిథీన్ షీటు 40 రూపాయల ముక్క తెచ్చి, పాత షీటుని అచ్చుగా పెట్టి కోశారు. చుట్టూ బ్యూటైల్ టేపు, చుట్ట 220. ఇది ఎప్పటికీ గట్టిపడని జిగురు పట్టీ. మళ్ళీ ప్యాడు ఊడదీయాల్సొస్తే ఏ గొడవా లేకుండా లాగి తిరిగి అంటించవచ్చు, సిలికాన్‌లా పగపట్టదు. అంటించేముందు రేకుని తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి, తడి మీద పట్టదు. కింది అంచుని డొల్లలోకి దూర్చడం మేస్త్రి స్వయంగా చేశాడు. విరిగిన ప్యాడు క్లిప్పులు ఎనిమిది, 80. కూలి 400. స్పీకరు పోయింది, దాన్ని మార్చలేదు. అద్దం మోటారు ఆరాక దానంతటదే పనిచేసింది.

కొత్త బండ్లు ఉన్నవాళ్ళకి ఒక్క మాట. కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దినప్పుడు ఎయిర్‌బ్యాగులకి కబురు చెప్పే సెన్సరు తలుపు డొల్లలోనే, గాలి ఒత్తిడిని కనిపెడుతూ ఉంటుంది. అలాంటి తలుపులో ఆ షీటుకి నీళ్ళు ఆపడం కంటే పెద్ద పని ఉంది. పొదుపు కోసం సొంతంగా విప్పకండి.

నా మీటరు బీడింగుని పీకేసి, ఉల్లిపాయల బుట్ట పక్కన పడి ఉన్న పాతదాన్నే తెమ్మన్నాడు మేస్త్రి. మర్నాడు తీసుకెళ్ళాను. సబ్బునీళ్ళతో కడిగి, రేకు అంచు మీద వంకర పోయిన చోట ప్లయర్సుతో సరిచేసి, రబ్బరు సుత్తితో తట్టుకుంటూ బిగించాడు. నోటు జారిన ఆ కింది మూల బోలు గొట్టంలోకి జానెడు పొడుగు సన్నటి మెత్తటి ట్యూబు దూర్చాడు, చేపల తొట్టికి గాలి కొట్టేది. మూల పొంగింది, నోటు బిగిసింది. చివరికి సిలికాన్ గ్రీజు వేలితో పల్చగా రాశాడు, ట్యూబు 110. గ్రీజు పేరులోనూ సిలికానే గానీ ఇది వేరు, ఆరదు, అంటుకోదు, రబ్బరుని మెత్తగా ఉంచుతుంది. నిగనిగ కోసం ఇంజనాయిలు రాసేవాళ్ళని చూశాను. పెట్రోలియం నూనెలు ఈపీడీఎం రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తాయి, ఆ పని చేయకండి. బీడింగు బాగానే ఉండి తలుపే వదులైతే, లాకు కరుచుకునే కొండీ ఉంటుంది స్తంభానికి. దాని స్థానం చుట్టూ పెన్సిలు గీత గీసుకుని, స్క్రూలు వదులు చేసి, ఒక మిల్లీమీటరు లోపలికి జరిపి బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. దీనికి ఖర్చు సున్నా.

అసలు కారు లోపల కనిపించిన ప్రతి తడీ తలుపుది కూడా కాదు. ఎండాకాలంలో, వాన లేని రోజున, ఎడమవైపు ముందు తడిసి ఆ నీళ్ళకి రంగూ వాసనా లేకపోతే ఏసీ నీళ్ళు పోయే గొట్టం పూడుకుందన్నమాట. తడికి తియ్యటి వాసనా, వేలికి జిగురూ తగిలితే అది హీటరు దగ్గర కారుతున్న కూలెంటు, ఆలస్యం చేయకూడదు. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర ఆకులు పేరుకున్నా నీళ్ళు పొంగి లోపలికి దిగుతాయి, చెట్ల కింద పెట్టే బండ్లకి ఇది మామూలే. బీడింగే దోషి అయితే సాధారణంగా రెండు ఆనవాళ్ళు ఉంటాయి. వేగంగా పోతుంటే ఈల వేసినట్టు గాలి చప్పుడు, ద్వారం చుట్టూ రబ్బరుకి లోపలివైపున దుమ్ము చార. మా తలుపుకి ఈ రెండూ లేవు, చూసే ఓపిక నాకు లేదు. పరీక్ష చేయాలంటే ఒకళ్ళు లోపల టార్చితో కూర్చోవాలి, ఒకళ్ళు బయట పైపుతో సన్నటి ధార పోయాలి. కింద నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పైనుంచి పోస్తే నీళ్ళు అంతటా పారి ఏది ఎక్కణ్ణుంచో తెలీదు.

తడి ఆరబెట్టడం మాత్రం ఒళ్ళు హూనం చేసింది. కార్పెట్టు కింద దూదీ గోనె కలిసినట్టుండే దళసరి పొర ఉంటుంది, అది నీళ్ళని స్పాంజిలా పట్టి ఉంచుతుంది. పైన ఆరినట్టు కనిపించినా కింద చెరువే. ముందు సీటు విప్పి, కార్పెట్టు మడిచి, ఆ పొరని బయటికి లాగి డాబా మీద నాలుగు రోజులు ఎండబెట్టాం. వాన మబ్బు వస్తే మా ఆవిడ వడియాల కంటే ముందు దాన్ని లోపలికి తెచ్చేది. నేల రేకు మీద అరచేయంత మేర తుప్పు మొదలైంది. గీకి, రెడ్ ఆక్సైడు రాసి, దాని మీద పెయింటు వేశాను. డబ్బాలు రెండూ ఇంటి గేటుకి వాడగా మిగిలినవి, కాబట్టి లెక్కలో కలపలేదు.

లెక్క అంటే ఇదీ. కలరా ఉండలు, అత్తరు సీసా 120, మీటరు బీడింగు 360, గమ్ము 65, సిలికాన్ 190, గన్ను 150. తప్పుడు పనికి మొత్తం 885. షీటు 40, టేపు 220, క్లిప్పులు 80, కూలి 400, గ్రీజు 110. సరైన పనికి 850. ఆ చేపల తొట్టి ట్యూబు ముక్కకి మేస్త్రి డబ్బు తీసుకోలేదు. పాత షీటు అంచులు అంటించుకుని, తూములు శుభ్రం చేసుకుని మొదట్లోనే జాగ్రత్తపడి ఉంటే టేపు ఖర్చుతో పోయేదని కూడా అతనే అన్నాడు.

బాగయ్యాక మొదటి పెద్ద వాన భాద్రపదంలో పడింది. కావాలనే నాన్నని ఎక్కించుకుని బందరు రోడ్డు మీద అటు చివరి దాకా వెళ్ళి వచ్చాను. దారి పొడుగునా నేనేమీ అడగలేదు, ఆయనేమీ చెప్పలేదు. ఒకసారి మాత్రం గట్టిగా బ్రేకు వేశాను. ఆయన కిందికి చూసి, కాలు జరిపి, మళ్ళీ రోడ్డు చూశాడు. తలుపు అడుగు నుంచి నీళ్ళు రోడ్డు మీద పడుతున్న చప్పుడు, బండి ఆపాక, ఇద్దరం విన్నాం.

ఈ ఏడు మృగశిర కార్తెకి వారం ముందు ఆయన చీపురుపుల్ల పట్టుకుని కారు దగ్గర కూర్చుని కనిపించాడు. నాలుగు తలుపులు, తలుపుకి మూడు చొప్పున పన్నెండు తూములు, అన్నిట్లోనూ పుల్ల ఆడించి చూశాడట. "వెనక కుడి తలుపులో మధ్యది మూసుకుంది" అన్నాడు. ఈసారి నేను కారు పక్కన గొంతుక్కూర్చుని వేలు పెట్టి చూశాను. మధ్యదే. ఎండిన వేపాకు ఈనె ఒకటి అడ్డం పడి ఉంది.